రాజన్న నోట్లో సినిమా

రాజన్న 'ఏకాదశి అల్లుడు' సినిమా చూడలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఖతర్‌లోని బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఆయన బ్లాకు వాళ్ళను ఎవరిని కదిలించినా, ఆ సినిమా తీసింది రాజన్నే అన్నంత ధీమాగా మాట్లాడతారు. రెండు గంటల ఇరవై నిమిషాల నలుపు తెలుపు సినిమా, మొదట్లో తలుపు కిర్రుమన్న చప్పుడు నుంచి చివర పెళ్ళిబాజాల దాకా, మొత్తం ఆయన నోట్లో ఉంది. కంట్లో మాత్రం ఒక్క బొమ్మ కూడా లేదు.

తప్పంతా గవదబిళ్ళలది. రాజన్నకు పన్నెండేళ్ళప్పుడు మెట్‌పల్లి టాకీసులోకి ఆ పాత సినిమా మళ్ళీ వచ్చింది. అప్పటికే అది ఇరవై ఏళ్ళ నాటిది. ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని బయల్దేరారు. రాజన్న మాత్రం రెండు దవడలూ పొంగి, మెడకు తుండు చుట్టుకుని, ముసలమ్మ దగ్గర మిగిలిపోయాడు. పిల్లవాడి ఏడుపు చూడలేక, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన బావ ఒక ఉపాయం చేశాడు. కొత్తగా తెచ్చిన టూ ఇన్ వన్ టేప్ రికార్డరును తువ్వాలలో చుట్టి, హాల్లో ఒళ్ళో పెట్టుకుని, సినిమా మొత్తాన్ని రెండు క్యాసెట్లలో పట్టుకొచ్చాడు.

సినిమాతో పాటు హాలు కూడా వచ్చింది. గోలీసోడా అమ్మేవాడు, ఏడ్చే పసిపిల్ల, ముందున్నవాణ్ణి కూర్చోమని కేకలేసేవాడు, అందరూ ఆ క్యాసెట్లలోకి ఎక్కారు. నలభై అయిదు నిమిషాలకోసారి బావ క్యాసెట్ తిప్పాల్సి వచ్చింది గనక మూడు చోట్ల నిమిషమేసి సినిమా ఎగిరిపోయింది. ఆ మూడు నిమిషాలకూ రాజన్న తరవాత సొంతంగా మాటలు కల్పించుకున్నాడు. దవడలు వాచినవాడు నవ్వితే ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకని మంచంలో పడుకుని ఆ క్యాసెట్లు వింటూ, మొహం కదలకుండా, గొంతు పెగలకుండా, లోపల్లోపలే నవ్వడం నేర్చుకున్నాడు. గవదబిళ్ళలు వారంలో తగ్గాయి గాని ఆ అలవాటు నలభై ఏళ్ళయినా తగ్గలేదు.

అసలు చోటు రెండో క్యాసెట్ మొదటి వైపున ఉంది. కథ పెద్దదేమీ కాదు. కొత్త అల్లుడు మామగారి మెప్పు కోసం, తాను ఏకాదశి ఏకాదశికీ కటిక ఉపవాసం, రాజన్న భాషలో ఒక్కపొద్దు, ఉంటానని కోతలు కోస్తాడు. మామగారు తానూ అంతేనంటాడు. ఆ రాత్రి వంటింట్లో అడుగుల చప్పుడు, గిన్నె మీద మూత తీసిన చప్పుడు. తరవాత నలభై సెకండ్లు మాటా లేదు, పాటా లేదు. హాలు మాత్రం నవ్వుతుంది. ముందు అక్కడొకరు ఇక్కడొకరు, తరవాత అందరూ, ఆ తరవాత బెంచీలు చరుస్తూ. ఆ నవ్వుల మధ్య, రికార్డరుకు బాగా దగ్గరగా ఒక మగగొంతు. రెండుసార్లు గుక్క తిప్పుకుని, ఎక్కిళ్ళు పట్టి, ఆగిపోయిందనుకునేసరికి మళ్ళీ మొదలయ్యే నవ్వు. అప్పుడు గిన్నెలన్నీ కూలతాయి, మామగారు ఒక్క మాట అంటాడు, హాలు ఇంకోసారి గొల్లుమంటుంది.

ఆ ఎక్కిళ్ళ నవ్వు నాయినదని బావ చెప్పాడు. తన పక్కనే కూర్చున్నాడట. రాజన్న నాయిన నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. పెళ్ళికి పిలిచినా పంచాయితీకి వచ్చినట్టు కూర్చునే మనిషి. పిల్లవాడు ధైర్యం చేసి అడిగితే, ఆ టైములో తాను సోడా తాగడానికి బయటికి పోయానని చెప్పి గొడ్లకు నీళ్ళు పెట్టడానికి లేచిపోయాడు. బావకేమో పరాచికాలెక్కువ, ఆయన సాక్ష్యం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తరవాత కోడలిగా వచ్చిన గంగామణి అయితే మొదటినుంచీ నమ్మలేదు. ఎనిమిదేళ్ళు మామకు వండిపెడితే కూర బాగుందన్న మాట కూడా ఆ నోట వినలేదు, ఇంక నవ్వెక్కడిదని ఆమె వాదన. రాజన్న ఆ క్యాసెట్ ఎన్నిసార్లు పెట్టి వినిపించినా ఆమెది ఒకటే మాట.

"గా నవ్వు మామది గాదు. ఎవల్దో పట్కచ్చి పాపం మామకు అంటగడ్తున్నవ్."

నాయిన పోయాడు. కొన్నాళ్ళకు టూ ఇన్ వన్ ఒక క్యాసెట్‌ను నమిలేసింది. రాజన్న ఖతర్‌కు వచ్చిన ఏడాది, రెండో క్యాసెట్ టేపును గంగామణి చిలకలు రాకుండా మక్కజొన్న చేనుకు అడ్డంగా కట్టింది. ఎండలో తళతళ మెరుస్తూ, గాలికి బుయ్యిమంటూ ఆ సినిమా ఒక పంట కాపలా కాసింది. సెలవు మీద ఇంటికి వెళ్ళిన రాజన్న దాన్ని చూసి గట్టు మీదే కూలబడ్డాడు. గంగామణి ఇప్పటికీ ఆ ప్రస్తావన వస్తే మాట మార్చేస్తుంది.

ఇదంతా జరిగి పద్ధెనిమిదేళ్ళు. రాజన్నకు ఇప్పుడు యాభై రెండు. కట్టే భవనాల చుట్టూ ఇనప గొట్టాలతో పరంజా బిగించే మనుషుల మీద ఫోర్‌మన్. ఇల్లు కట్టాడు, బోరు వేయించాడు, కొడుకును చదివించాడు. ఇంక జీవితంలో తెలుసుకోవాల్సింది ఆయనకు ఒకటే మిగిలింది. ఆ నలభై సెకండ్లలో ఏం జరిగింది? నాయిన లాంటి మనిషికి ఎక్కిళ్ళు పట్టించింది ఏమిటి? ఫోన్లో వెతికితే ఆ సినిమావి రెండు పాటలు, ఒక చిరిగిన పోస్టరు తప్ప ఇంకేమీ దొరకలేదు.

ఈలోగా సినిమా బస్సెక్కింది. క్యాంపు నుంచి సైటుకు యాభై నిమిషాల దారి. రాజన్న ముందు సీట్లో కూర్చుని రోజుకింత చెబుతాడు. నలభై ఏళ్ళు ఆయన నోట్లో నానిన మాటలు గనక, జమీందారీ అత్తగారు కూడా అందులో మెట్‌పల్లి భాషే మాట్లాడుతుంది. తెలుగు ముక్క రాని నేపాలీలు సైతం ముఖ్యమైన మాటలకు నోరు కలుపుతారు. వంటింటి ఘట్టం రాగానే రాజన్న చెయ్యి పైకెత్తుతాడు. బస్సంతా నలభై సెకండ్లూ నవ్వుతుంది, ఎందుకు నవ్వుతున్నదో బస్సులో ఒక్కరికీ తెలియదు. చెయ్యి దించగానే పెషావర్ డ్రైవరు స్టీరింగు పక్కనున్న రేకు మీద చరిచి గిన్నెలు కూల్చేస్తాడు. రాజన్న అన్ని గొంతులూ తీస్తాడు, పసిపిల్ల ఏడుపుతో సహా. నాయిన నవ్వొక్కటే ఆయన గొంతుకు పట్టలేదు. ఒకటి రెండుసార్లు ప్రయత్నిస్తే దగ్గులా వచ్చింది, మానేశాడు.

ఇప్పుడు జడ్సన్ గురించి చెప్పాలి. అమలాపురం మనిషి. రాజన్న పనిచేసే కంపెనీ ఆఫీసులోనే డాక్యుమెంట్ కంట్రోలర్, అంటే వచ్చే కాయితానికీ పోయే కాయితానికీ నంబర్లు వేసేవాడు. భార్య చేసిన సాంబారుకు కూడా రివిజన్ నంబరు వేస్తాడని ఆఫీసులో చెప్పుకుంటారు. తెలుగు సంఘంలో సాంస్కృతిక కార్యదర్శి అయ్యాక ఆయన మొదటి కార్యక్రమమే ఘనంగా ఉండాలనుకున్నాడు. అదే సమయానికి దుఖాన్‌లో చమురు కంపెనీ క్వార్టర్సులో ముప్పై ఏళ్ళున్న శేషాచలం గారు రిటైరై సామాను సర్దుకుంటూ, రెండు పెట్టెల వీడియో క్యాసెట్లు సంఘానికి ఇచ్చేశారు. ఒకప్పుడు నగరంలో నజ్మా అనే పేటలో వీడియో అద్దెకొట్టు మూతపడినప్పుడు కట్టగట్టి కొన్న క్యాసెట్లవి. అందులో 'ఏకాదశి అల్లుడు' కనిపించింది. జడ్సన్ మరి ఆగలేదు. ప్రపంచంలో మిగిలిన ఏకైక ప్రతి అని పోస్టర్లు వేయించి, శుక్రవారం మధ్యాహ్నం ఒక బడి ఆడిటోరియంలో ప్రదర్శన అనీ, శేషాచలం గారు ముఖ్య అతిథి అనీ ఊరంతా చాటేశాడు. ప్రపంచమంతా ఎప్పుడు వెతికాడో ఎవరూ అడగలేదు.

మంగళవారం నాడు నజ్మాలో క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే కొట్టు నుంచి ఫోను వచ్చింది. బొమ్మ బాగానే ఉంది, శబ్దం మాత్రం లేదు. టేపు అంచు పొడుగునా నలిగిపోయిందట, శబ్దం ఉండేది ఆ అంచులోనేనట. జడ్సన్ ఆ కొట్టుకు పోయి స్టూలు మీద కూర్చుని, మొదట ప్రార్థన చేసుకుని, తరవాత కొట్టువాడితో పోట్లాడాడు. రెండూ పనిచేయలేదు. మర్నాడు ఆఫీసులో తల పట్టుకుని కూర్చుంటే, గేట్ పాస్ కోసం వచ్చిన గంగాప్రసాద్ సంగతి విన్నాడు. గంగాప్రసాద్ రాజన్న గదిలోనే ఉండే వెల్డరు, వయసులో చిన్నవాడు, ఏ మాటా కడుపులో దాచుకోలేడు. బొమ్మ మీ దగ్గర ఉంటే శబ్దం మా బస్సులో ఉంది సార్ అన్నాడు.

అట్లా బుధవారం డ్యూటీ దిగాక రాజన్న నజ్మాలోని జడ్సన్ ఫ్లాటులో, జీవితంలో మొదటిసారి ఆ సినిమా ముందు కూర్చున్నాడు. తెర మీద తలుపు తెరుచుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. రాజన్న నోరు తెరిచాడు, మాట రాలేదు. వీడెవడని అడిగాడు. హీరో అండి అన్నాడు జడ్సన్. కాదన్నాడు రాజన్న.

ఆయన దగ్గర రుజువులున్నాయి. నలభై ఏళ్ళుగా ఆయనకు తెలిసిన అల్లుడు బొద్దుగా, గుబురు మీసాలతో, నిజామాబాద్ బస్సు కండక్టరులా ఉంటాడు. ఈ తెర మీదివాడు కాస్త గాలి వేస్తే పడిపోయేలా ఉన్నాడు. అత్తగారు ఆయన అనుకున్నదానికంటే పొట్టి. మామగారికి అసలు బట్టతలే లేదు. బొమ్మ చూస్తే మాట మరిచిపోతున్నాడు, మాట గుర్తు తెచ్చుకుంటే బొమ్మ దాటిపోతోంది. జడ్సన్ ఆ సాయంత్రం మూడుసార్లు మొదలుపెట్టి, మూడింటికీ రివిజన్ నంబర్లు వేసి, చివరికి కాయితం నలిపి పారేశాడు.

జడ్సన్ భార్య ప్రవల్లిక ఆస్పత్రిలో నర్సు. అంతసేపూ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆవిడ, ఒక కుర్చీని తెరకు వీపు పెట్టేలా తిప్పి, అన్నయ్య గారూ ఇందులో కూర్చోండి అన్నది. ఎదురుగా తాను కూర్చుని, నాడి చూసినట్టు ఆయన మణికట్టు పట్టుకుంది. తెర మీద పెదవి కదిలినప్పుడల్లా నొక్కుతుంది, నొక్కితే మాట్లాడాలి, వదిలితే ఆగాలి. రాజన్న కళ్ళు మూసుకున్నాడు. సినిమా గడగడా వచ్చేసింది. టేపు తిప్పిన మూడు చోట్లలోనూ ఆయన కల్పించిన మాటలు పెదవులకు అతకలేదు, నడుమ ఏవో వింత కేకలు కూడా దొర్లాయి గాని, అప్పటికి జడ్సన్ వాటిని పట్టించుకునే స్థితిలో లేడు.

వంటింటి ఘట్టం దగ్గరపడుతుండగా రాజన్న చెయ్యి విడిపించుకుని లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఆ ముక్క ఇప్పుడే చూసుకోండి రాజన్న గారూ, ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నారట కదా అని జడ్సన్ బతిమాలాడు. రాజన్న కింద సందులో కార్లను చూస్తూనే జవాబిచ్చాడు.

"వద్దు సార్. మా నాయిన ఒక్కడే కూసొని నవ్వలే. హాలంత నవ్వుతుంటె నవ్విండు. నేను గూడ అట్లనే సూస్త."

చెప్పనిది ఇంకొకటి ఉంది, అది భయం. ఆ సాయంత్రం సైటు నుంచి బస్సులో వచ్చేటప్పుడు గంగాప్రసాద్ ఊరికే ఉండలేక, చూశాక నవ్వు రాకపోతే ఎట్లనే రాజన్నా అని అడిగాడు. అరవై ఏళ్ళ నాటి హాస్యం కదా, ఇప్పుడు పిల్లలు ఫోన్లో అరనిమిషానికొకటి చూసి పారేస్తున్నారు కదా అన్నాడు. రాజన్న వాణ్ణి కసిరి కిటికీ వైపు తిరిగాడు. నలభై ఏళ్ళు మూసి ఉంచిన గిన్నె మూత తీస్తే అందులో ఏమీ లేకపోతే? అప్పుడు గంగామణి చెప్పిందే నిజమవుతుంది. ఆ నవ్వింది ఎవడో. నాయిన సోడా తాగడానికే పోయాడు.

ఆ రోజు ఫోన్లో ఆమెకు సంగతి చెబితే, దుబాయ్‌ల గిసొంటి సినిమాలు గూడ ఆడిస్తరా అని ఆశ్చర్యపోయింది. ఖతర్ అని పద్ధెనిమిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. సరే చూసి చెప్పు, మామ నవ్వేటంతది ఏముంటదో నేను గూడ తెలుసుకుంట అన్నది.

శుక్రవారం వచ్చింది. ముందు వరుసల్లో అత్తరు వాసనలతో, ఇస్త్రీ మడతలతో కుటుంబాలు కూర్చున్నాయి. వెనక వరుసల్లో క్యాంపు బస్సు వాళ్ళు, వాళ్ళ డ్రైవరుతో సహా. మొదటి వరుస మధ్యలో శేషాచలం గారు. ఈ సినిమాను తాను పదకొండుసార్లు చూశాననీ, దీని భాషలోని అందమే వేరనీ ఆయన పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. తెరకు పక్కగా, వీపు పెట్టి, మైకు ముందు రాజన్న కూర్చున్నాడు. ఎదురుగా ప్రవల్లిక ఆయన చెయ్యి పట్టుకుని, ఇంత వేగంగా కొట్టుకునే నాడి ఆస్పత్రిలో ఉంటే డాక్టరును పిలిచేదాన్ని అన్నయ్య గారూ అన్నది.

తెర మీద పట్టుచీర, రవ్వల ముక్కుపుడక, కాసులపేరుతో అత్తగారు మెట్లు దిగి వచ్చి, గంభీరంగా పెదవి విప్పింది. ప్రవల్లిక మణికట్టు నొక్కింది.

"ఏడికి వోయినవ్‌రా అల్లుడా, గింత ఎండల?"

హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. తరవాత ముందు వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు, అంతే, అది పాకిపోయింది. శేషాచలం గారు వెనక్కి తిరిగి, అసలు మాట అది కాదని అందరికీ చెప్పబోయారు. ఎవరూ వినలేదు. వెనక వరుసల వాళ్ళకు మాత్రం నవ్వడానికి ఏముందో అర్థం కాలేదు. జమీందారు ఇంట్లో తమ ఇంటి మాటే వినబడుతుంటే వాళ్ళు గర్వంగా, నిటారుగా కూర్చుని వింటున్నారు.

అసలు ప్రమాదం పెళ్ళి ఘట్టంలో వచ్చింది. మామగారు అక్షతలు పైకెత్తి వధూవరులను దీవించడానికి నోరు తెరిచాడు. రాజన్న కళ్ళు మూసుకుని, క్యాసెట్లో ఆ చోట ఉన్నదాన్ని ఉన్నట్టు దించాడు.

"ఓ లచ్చవ్వా, జర అటు జరుగు. బొమ్మ అవుపడ్తలేదు."

కుర్చీలు కదిలిపోయాయి. రాజన్నకు ఏమీ అర్థం కాలేదు. క్యాసెట్‌లో సినిమా ఎక్కడ ఆగుతుందో, మెట్‌పల్లి హాలు ఎక్కడ మొదలవుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఆయన లెక్కలో లచ్చవ్వ పెళ్ళికూతురి మేనత్త, పెళ్ళిలో అడ్డంగా నిలబడే అలవాటున్న పెద్దమనిషి. ఆవిడంటే కొంచెం గౌరవం కూడా ఉంది. పురోహితుడు మంత్రం చదవబోయేసరికి గోలీసోడా వచ్చింది. పెళ్ళికూతురు సిగ్గుతో తలెత్తి మొదటి మాట అనబోతే, ముందున్నోడు కూసోవయ్యా అన్న కేక వచ్చింది. ఆయన మొహం మాత్రం రాయిలా ఉంది, దాంతో జనం ఇంకా నవ్వారు. శేషాచలం గారు మొదట కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సోడా దగ్గర కట్టుడుపళ్ళు తీసి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. ఇంక అసలు మాట ఏమిటో చెప్పే ప్రయత్నం ఆయన చేయలేదు.

అంతమంది నవ్వుతుంటే రాజన్నకు సంతోషం కలగలేదు, గుబులు పట్టుకుంది. వీళ్ళు నవ్వుతున్నది తన నోటిని చూసి. వంటింట్లో తన నోటికి పని లేదు. ఆ నలభై సెకండ్లు సినిమా ఒంటరిగా, మాట సాయం లేకుండా నవ్వించాలి. అప్పటిదాకా నవ్విన వీళ్ళంతా చప్పబడి ఫోన్లు తీస్తే? తాను తిరిగి చూసి, అందులో ఏమీ లేకపోతే? ఇంటర్వెల్లో జడ్సన్ వచ్చి చేతులు పట్టుకుని ఊపేస్తుంటే, వంటింటికి ఇంకెంతసేపుందని మాత్రం అడిగాడు.

ఏకాదశి వచ్చింది. అల్లుడు కోతలు కోశాడు, మామగారు తానూ అంతేనన్నాడు. రాజన్న నోటితోనే అడుగుల చప్పుడు చేశాడు, మూత తీసిన చప్పుడు చేశాడు. ప్రవల్లిక మణికట్టు వదిలేసింది. ఇటు తిరగండి అన్నయ్య గారూ అని మెల్లగా అన్నది. రాజన్న మైకుతో సహా కుర్చీ తిప్పుకున్నాడు.

చీకటి వంటిల్లు. మధ్యలో మనిషెత్తు వడ్ల గాదె. గాదె మీద గారెల గిన్నె. గాదెకు ఇటు అల్లుడు, అటు మామగారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇటునుంచి ఒక చెయ్యి వచ్చి ఒక గారె పట్టుకుపోతుంది, అటునుంచి ఒక చెయ్యి వచ్చి ఇంకోటి. హాల్లో అక్కడొకరు ఇక్కడొకరు నవ్వారు. గిన్నె ఖాళీ అవుతోంది. మామగారు తాను తిన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, గిన్నె తడిమి చూసి, తన ఆకలికి తానే సిగ్గుపడి చెంపలు వేసుకున్నాడు. హాలంతా నవ్వింది. చివరికి ఒకటే గారె మిగిలింది. రెండు చేతులూ దాని మీద పడ్డాయి. మామగారు లాగాడు, రాలేదు. చీకట్లో తన చేతులు తడిమి లెక్కపెట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మళ్ళీ మూడే వచ్చాయి. కాసేపు ఆలోచించాడు. ఇంత ఆకలికి దేవుడే మూడో చెయ్యి ఇచ్చి ఉంటాడన్న నిశ్చయం ఆయన మొహంలోకి మెల్లగా వచ్చింది. అప్పుడాయన ఆ గారెను విరిచి, సగం తాను ఉంచుకుని, సగం ఎంతో న్యాయంగా మూడో చేతిలో పెట్టాడు. మూడో చెయ్యి దాన్ని కళ్ళకద్దుకుని వెనక్కి పోయింది.

జనం కుర్చీలు చరుస్తున్నారు. ఆ శబ్దం రాజన్నకు తెలుసు, వరసతో సహా తెలుసు. ముందు కొందరు, తరవాత అందరూ, తరవాత చరుపులు. మెట్‌పల్లి హాలు లేచి వచ్చి తన వెనక కూర్చున్నట్టనిపించింది. ఆయన మొహంలో ఎక్కడో బిగించిన మేకు ఊడింది. గొంతులోంచి ఒక గుక్క వచ్చింది, ఇంకో గుక్క వచ్చింది, ఎక్కిళ్ళు పట్టాయి. ఆగాడు. తెర మీద మామగారు ఖాళీ గిన్నెకు దండం పెట్టుకున్నాడు. రాజన్న నవ్వు మళ్ళీ మొదలైంది. మైకు నోటి దగ్గరే ఉంది గనక ఆ ఎక్కిళ్ళ నవ్వు హాలు నాలుగు గోడలకూ తగిలింది.

ఈలోగా తెర మీద గాదె కదిలి గిన్నెలు కూలిపోతున్నాయి, చప్పుడు లేదు. దీపం వెలిగింది, మామా అల్లుళ్ళు మొహాలు చూసుకున్నారు, మామగారు నోరు తెరిచాడు. సినిమా మొత్తానికి ముఖ్యమైన మాట అది. ప్రవల్లిక మణికట్టు అందుకుని నొక్కింది, మళ్ళీ నొక్కింది. రాజన్న కళ్ళు తుడుచుకుంటూ చేతులెత్తేశాడు. పక్కన జడ్సన్ కుర్చీలోంచి లేచిపోయాడు.

అప్పుడు వెనక వరుసలో డ్రైవరు లేచి కుర్చీ రేకు మీద దబదబా చరిచాడు. గిన్నెలు కూలాయి. వెంటనే యాభై గొంతులు, నేపాలీలతో సహా, నాలుగు వందలసార్లు విన్న మాటను ఒక్క గొంతుతో అన్నాయి.

"గట్లయితే అల్లుడా, నీ ఒక్కపొద్దు గూడ నా ఒక్కపొద్దసొంటిదే!"

ఆ తరవాతి సినిమా ఎక్కిళ్ళతోనే సాగింది. చివరి పెళ్ళిబాజాలు కూడా ఎక్కిళ్ళ మధ్యే వచ్చాయి. శేషాచలం గారు పళ్ళు పెట్టుకుని వచ్చి రాజన్న భుజం తట్టి, పదకొండుసార్లు చూశాను గాని ఇందులో లచ్చవ్వ ఉందని నాకు తెలియదండీ అన్నారు. అప్పుడు గాని లచ్చవ్వ ఎవరో రాజన్నకు అర్థం కాలేదు. తెలిశాక ఆయనకు కొంచెం దిగులేసింది కూడా.

తిరుగు ప్రయాణంలో బస్సు ఇండస్ట్రియల్ ఏరియా మలుపు తిరుగుతుండగా గంగామణి ఫోను వచ్చింది. వెనక టీవీలో ఏదో సీరియల్ మోగుతోంది.

"క్యాసెట్ ఏడ దొర్కింది?"

ఏ క్యాసెట్ అని అడిగాడు రాజన్న. గంగాప్రసాద్ పంపిండు గదా, గదే నవ్వు, ఎక్కిళ్ళ నవ్వు, ఇన్నంగనే గుర్తువట్టిన అన్నది ఆమె. తాను చేన్లో కట్టి పాడుచేశానని ఇన్నేళ్ళుగా మనసులో ఉందనీ, దొరికినందుకు పోచమ్మకు కొబ్బరికాయ కొడతాననీ కూడా అన్నది. రాజన్న వెనక్కి తిరిగి చూస్తే, గంగాప్రసాద్ ఫోను జేబులో దాచుకుని కిటికీ వైపు తిరిగాడు.

"గది క్యాసెట్ గాదే. నేను నవ్విన."

అవతల సీరియల్ గొంతు ఆగిపోయింది, టీవీ కట్టేసినట్టుంది. నాయినతో పాటు కూర్చుని సినిమా చూసి వచ్చినట్టుంది రాజన్నకు, ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.

"నువ్వా?" అన్నది గంగామణి చివరికి. "అయితే గా దినం నవ్వింది మామనే."

తరవాత ఆమె గొంతు సర్దుకుని, ఎనిమిదేళ్ళు వండిపెడితే నా ముంగట ఒక్కనాడు నవ్వకపాయె అని మామను కాసేపు తిట్టింది. ఇంతకూ ఏం చూసి నవ్విండో చెప్పమన్నది. రాజన్న చెప్పబోయాడు. గాదె సంగతి చెప్పాడు, గారెల సంగతి చెప్పాడు, మామగారు చీకట్లో చేతులు లెక్కపెట్టుకునే దాకా రాగలిగాడు. ఒకటి అన్నాడు, రెండు అన్నాడు, మూడు దగ్గర ఎక్కిళ్ళు పట్టాయి. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగిపోయాడు. అసలేం జరిగిందో తెలియకుండానే అవతల గంగామణి నవ్వడం మొదలుపెట్టింది.